జాగారం చేసిన రక్తం

చీకటి పక్షం, రెండో రోజు

గుహలో పొద్దు తెలిపే దీపాలు తెల్లబడగానే రక్తశాల వడపోతలు విప్పి దులిపాను. చంద్రుడి బూడిద లాంటి మొండి చుట్టం ఇంకొకటి ఉండదు. పిలవకపోయినా వస్తుంది, పొమ్మన్నా పోదు. మిషను మూతి తుడిచి, సూదులు కాచి, వేయించిన శనగల కాఫీ ఒక గుక్క తాగేసరికి బయట సందడి మొదలైంది.

ఈ దినచర్యలో సభవారు నన్ను రాయమనేది మూడు ముక్కలు: ఎవరు, అంకె ఎంత, గీతకి ఏ పక్క. వరహాలమ్మకి మూడు ముక్కల్లో రాయడం చేతకాదని వాళ్ళకీ తెలుసు. చదివితే చదువుతారు, లేకపోతే లేదు.

ఇవాళ మట్టి సన్యాసమ్మ వంతు. మా గుహలో తినే ప్రతి వంకాయా, ప్రతి తోటకూర కాడా ఆమె చేసిన మట్టిలోంచి వచ్చిందే. బూడిదలో చెత్తా పెంటా కలిపి, గుప్పెడు తీసి వాసన చూసి, "ఇక పండుతాది" అంటుంది. పండుతుంది. ఈ మధ్యే ఆమె గొంతులో కంతి కనిపించింది. ఇంకా ముదరలేదు. పెద్దగుహలో ఉన్న కిరణాల మిషను కింద ఒక పక్షం పాటు రోజూ పడుకోబెడితే పోయే రకం.

ఆ మిషను ఎండ బలంతో, సూర్యుడున్న పక్షంలోనే నడుస్తుంది. పడకలు కొద్ది, అడిగే గుహలు ఎక్కువ. అందుకని పెద్దలు ఎప్పుడో ఒక గీత గీశారు. రక్తంలో రెండు రకాల తెల్లకణాలని నా మిషను లెక్కపెడుతుంది. న్యూట్రోఫిల్స్ అని ఒక రకం. ఎక్కడ గొడవైతే అక్కడికి కర్రలు పట్టుకుని పరిగెత్తేవి. లింఫోసైట్స్ అని ఇంకో రకం. నెమ్మదస్తులు, కంతిని గుర్తుపట్టి పని కానిచ్చేవి. మొదటివి రెండోవాటికి ఎన్ని రెట్లున్నాయో అదే వాపు అంకె. ఒంట్లో మంట ఎక్కువైనకొద్దీ అంకె పెరుగుతుంది, చికిత్సకి మనిషి నిలబడే ఆశ తగ్గుతుంది. ఐదు దాటకపోతే బండెక్కి పెద్దగుహకి. దాటితే ఊరట గదికి. అక్కడ నొప్పికి మందు, మెత్తటి పరుపు, మంచి మాటలు ఉంటాయి.

తలుపు తీస్తే సందు నిండా సన్యాసమ్మ జనమే. అన్నలు, వదినలు, ఆడబిడ్డలు, వాళ్ళ పిల్లలు. అందరి కళ్ళూ చింతనిప్పులే. రక్తం ఇచ్చే ముందు జాగారం చెయ్యడం మా ఊరి ఆనవాయితీ. రోగి గానీ, రోగి మనుషులు గానీ కన్ను మూయకూడదు. ఉపవాసం, పాట, తెల్లవార్లూ చెక్కభజన. ఇక్కడ ఒంటికి బరువు తక్కువ కాబట్టి అడుగు గట్టిగా వేస్తే మనిషి గాల్లోకి లేస్తాడు. ఎంత పెద్ద కుటుంబమైతే అంత గట్టి జాగారం.

ముందు నిలబడ్డది సన్యాసమ్మ పెద్దన్న తవిటినాయుడు. మా గుహకి భజన పెద్ద ఆయనే. గొంతు బొంగురుపోయింది, చేతిలో చెక్కలు అలాగే ఉన్నాయి.

"ఒక్క రెప్ప ఏయనివ్వలేదు డాక్టరమ్మా. రాతిరంతా నిలబెట్టే ఉంచినాం. ఇంక నువ్వు సూసుకో" అన్నాడు, పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు.

రక్తం తీశాను. అంకె వచ్చింది. ఆరు పాయింట్ ఒకటి.

మిషను మూతి మళ్ళీ తుడిచి అదే రక్తం మళ్ళీ పెట్టాను. ఆరు పాయింట్ ఒకటే. చెప్పకుండా దాచే అంకె కాదు, చెప్పాను. సందులో వదినలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సన్యాసమ్మ మాత్రం కొంగుతో నుదురు తుడుచుకుంది.

"అయితే మట్టి ఎవులు సూత్తారు?" అంది.

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక, వడపోతల మీద తీర్చుకున్నాను.

నాలుగో రోజు

జోగులు వచ్చాడు. గాలిగొట్టాలు తుడిచే జోగులంటే తెలియనివాళ్ళు లేరు, పలకరించేవాళ్ళూ లేరు. పెళ్ళి లేదు, చుట్టం లేదు. ఎవరైనా దగ్గరైతే ఏదో ఒకటి అని దూరం చేసుకుంటాడు. ఆయనకీ గొంతులోనే కంతి. సన్యాసమ్మ కంతికి రెండింతలుంది, పక్కకి పాకింది కూడా.

అంకె రెండు పాయింట్ నాలుగు.

"సరిగ్గా సూసినావా? ఇంకోపాలి సూడు. నానెల్లిపోతే గొట్టాలు తుడిసీవోడెవుడు?" అన్నాడు. బతికే అవకాశం వచ్చినందుకు సణిగిన రోగిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ఊరట గదిలో మెత్తటి పరుపు మీద మనసు పెట్టుకున్నట్టున్నాడు.

"రాత్రి జాగారం చేశావా?" అని మాటవరసకి అడిగాను.

"ఎవులతోటి? గోడతోటా? తిన్నాను, తొంగున్నాను. నీ గంట మోగితే నెగిసినాను."

ఆయన వెళ్ళిపోయాడు. నేను సూది చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నాకు గుర్తున్నంతలో బండెక్కినవాళ్ళెవరు? భార్య వదిలేసిన వంటాయన. ఎవరితోనూ మాట్లాడని లెక్కల టీచరు. పెద్దగుహ నుంచి ఒంటరిగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన మంత్రసాని. ఊరట గదికి వెళ్ళినవాళ్ళెవరు? గుమ్మం ముందు జనం పట్టనివాళ్ళు, నలుగురికీ కావలసినవాళ్ళు. మంచివాళ్ళని దేవుడు తొందరగా పిలుస్తాడని మేం చెప్పుకుంటూ వచ్చాం. దేవుడి మీదికి నెట్టేస్తే ఎంత సుఖమో.

ఆరో రోజు

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఎవరికైనా చెప్పే ముందు నా ఒంటి మీదే చూసుకుందామనుకున్నాను. మొన్న కడుపునిండా తిని, తలుపు గడియ పెట్టి, హాయిగా పడుకుని లేచి నా రక్తం చదివాను. రెండు దగ్గర ఆగింది.

నిన్న జాగారం చేశాను. పాట రాదు కాబట్టి మందుల పేర్లే రాగం తీశాను. ఉపవాసం, అల్లం కాఫీ, చెక్కభజన, అన్నీ పద్ధతి ప్రకారమే. యాభై దాటిన ఆడది ఒక్కతే గదిలో గెంతుతుంటే పక్కగది నర్సు తలుపు కొట్టి, "బాగానే ఉన్నారా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. ఇవాళ రక్తం చదివితే నాలుగు దాటింది.

నా ఒంట్లో ఏ కంతీ లేదు. ఉన్నదల్లా ఒక పూట నిద్రలేమి, ఆకలి, గంతులు. ఒళ్ళు దాన్ని ఆపద అనుకుంది. కర్రలు పట్టుకునేవాళ్ళని వీధిలోకి తోలింది, నెమ్మదస్తులని ఇంట్లో కూర్చోబెట్టింది. మామూలు మనిషి రెండు నుంచి నాలుగుకి వెళితే, కంతి ఉన్న మనిషి ఎక్కడికి వెళుతుంది?

గట్టిగా నవ్వాను. పట్టుకున్నానని సంతోషం. ఆ తరువాత ఊరట గది పరుపులు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి, వాటి పక్కన నిలబడి ఏడ్చిన కుటుంబాలు గుర్తొచ్చాయి. కింద కూర్చున్నాను. పోయినవాళ్ళని తేలేను. సన్యాసమ్మ మాత్రం ఇంకా ఇక్కడే, తోటలో, మట్టి కలుపుతోంది. సూర్యుడు రాగానే బండి కదులుతుంది. ఈలోగా ఆమె పేరు అందులో ఎక్కాలి.

ఏడో రోజు

తవిటినాయుడి ఇంటికి వెళ్ళాను. ఆయన ఒప్పుకుంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు. చెక్కలకి నూనె రాస్తున్నాడు. పీట వేసి మంచినీళ్ళిచ్చాడు. నేను చూసిందంతా చెప్పాను. వింటున్నంతసేపూ చెక్కలు రుద్దుతూనే ఉన్నాడు.

"మొదటి చీకటి పక్షంలో గాలి మిషను ఆగిపోనాది, తెలుసు గదా" అన్నాడు చివరికి. "తొంగున్నోలు తొంగున్నట్టే పోనారు. మా తాత చెక్కలెత్తి, పాటెత్తి, జనాన్ని తొంగోనివ్వకండా సేత్తో మర తిప్పించినాడు. ఈయేల నువ్వూ నానూ ఉన్నామంటే ఆ పాట వల్లే. పేనం మీదికొచ్చినప్పుడు తొంగోకూడదు. నువ్వొచ్చి తొంగోమంతావేటి?"

"అప్పుడు గాలి లేదు, నాయుడన్నా. ఇప్పుడుంది. సన్యాసమ్మకి కావలసింది నిద్ర."

ఆయన చెయ్యి ఆగింది.

"నారాయణమ్మకి నానే సేసినాను జాగారం" అన్నాడు.

నారాయణమ్మ ఆయన భార్య. మూడేళ్ళ కిందట పోయింది. ఆమె రక్తం చదివిందీ నేనే. గీత దాటింది.

"కునుకొత్తంటే మొకం మీద నీలు కొట్టినాను. నిలబడనేకపోతే బుజాన ఏసుకుని ఆడించినాను. నువ్వు సెప్పింది నిజమైతే నానేటైపోవాల?"

మంచినీళ్ళ గ్లాసు పీట పక్కన పెట్టేశాను.

"నిజం కాదు. ఎల్లు డాక్టరమ్మా" అన్నాడు, నెమ్మదిగానే.

తొమ్మిదో రోజు

సన్యాసమ్మ నిద్రపోయాక రక్తం మళ్ళీ చదవనివ్వండని అడగడానికి సభకి వెళ్ళాను. సభ పెద్ద లోకనాథం గారు మంచి మనిషే. నియమం తప్పితే గుహ కూలిపోతుందని ఆయన నమ్మకం.

"ఒక్కరికి ఒక్కసారే చదవాలి. మళ్ళీ మళ్ళీ చదివితే నచ్చిన అంకె వచ్చేదాకా చదివిస్తూనే ఉంటారు. మీకు తెలీనిదేముంది?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఒళ్ళు మండింది.

"అంటే మిషను అబద్ధం చెప్పిందంటారా?" అని ఇంకో సభ్యుడు.

"అది నిజమే చెప్పింది. ఆ పూట ఒళ్ళు ఏం పడుతోందో చెప్పింది. మనం కంతి సంగతి అడిగాం, అది జాగారం సంగతి చెప్పింది."

నమ్మినట్టు తలూపారు, నమ్మలేదు. తాడో పేడో తేల్చుకోవాలనిపించింది. "లోకనాథం గారూ, మీకేం జబ్బు ఉందా?" అని అడిగాను.

"నాకా? నా రక్తం ఉక్కు."

"అయితే ఈ రాత్రి సన్యాసమ్మ చేసినట్టే జాగారం చెయ్యండి. పొద్దున్న మీ ఉక్కుని చదువుదాం. గీతకి ఇవతలే ఉంటే నేను నోరు మూసుకుంటాను."

వరహాలమ్మ నోరు మూసుకుంటుందంటే సభ్యులకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. అందరూ లోకనాథం గారి వైపు తిరిగారు. ఆయనకి కాదనే దారి లేకపోయింది. పాట ఎవరెత్తాలన్న ప్రశ్న రాకముందే, వెనక వరసలోంచి తవిటినాయుడు లేచాడు.

"నానెత్తుతాను. పద్దతి తప్పకండా సేయిత్తాను" అన్నాడు నన్నే చూస్తూ. నన్ను ఓడించడానికే వచ్చాడు. నాకూ అదే కావాలి. రేపు పాట తక్కువైందని ఎవరూ అనలేరు.

పదకొండో రోజు

నిన్న లోకనాథం గారిని రక్తశాలకి ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఉక్కు వంగిపోయింది. తవిటినాయుడు నిజంగానే పద్ధతి తప్పలేదు. కూర్చోనివ్వలేదు, ఆవలించనివ్వలేదు. సభ్యులంతా మిషను చుట్టూ మూగారు.

ఐదు పాయింట్ రెండు.

"లోకనాథం గారూ, ఊరట గదిలో కిటికీ పక్క పరుపు ఖాళీగా ఉంది. దుప్పటి మార్పించమంటారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. తన అంకెని చాలాసేపు చూశారు. ఆ గీత మనిషికి ఎలా కనబడుతుందో మొదటిసారి గీత అవతల నిలబడి చూశారనుకుంటాను. "వెళ్ళి పడుకోండి. భోంచేసి మరీ పడుకోండి" అని పంపేశాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళారు.

ఇవాళ నిద్ర ముఖంతో వచ్చారు. మళ్ళీ చదివాను. రెండు పాయింట్ మూడు.

తవిటినాయుడు రెండు రోజులూ ఆ గోడ దగ్గరే నిలబడి రెండు అంకెలూ చూశాడు. రెండోది చూశాక చేతిలో చెక్కలు నా బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయాడు. గెలిచానన్న సంబరం నాకు ఆ మనిషి వీపు చూడగానే సగమైంది.

సభ మధ్యాహ్నానికే తీర్మానించింది. సన్యాసమ్మ రక్తం మళ్ళీ ఒకే ఒక్కసారి, బండి కదిలే రోజు పొద్దున్న, నిద్రపోయాక చదవాలి. ఆ అంకెకి అందరూ కట్టుబడాలి. నేనూ కట్టుబడాలి.

పదిహేనో రోజు

నిద్రపోవడం అంత తేలికనుకున్నాను. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నవాడు సన్యాసమ్మ ఇంటికి వచ్చి ఉండడు.

నిన్న దీపాలు పసుపుకి తిరిగే వేళకి వెళితే, మంచం చుట్టూ జనం. వదిన కాళ్ళు పిసుకుతోంది, ఆడబిడ్డ విసురుతోంది, ఇంకొకామె నిమిషానికోసారి "తొంగో తల్లీ, తొంగో" అంటోంది. మధ్యలో సన్యాసమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని పైకప్పు చూస్తోంది.

"బయమేత్తంది డాక్టరమ్మా. కన్ను మూత్తే మరి తెరవనేమో అనిపిత్తంది. సిన్నప్పట్నించీ ఇదే గదా ఇన్నాం" అంది నాతో.

నిద్రమాత్ర ఇద్దామంటే, ఆ కంతితో ఊపిరికి అడ్డం పడుతుందని నాకు భయం. తెల్లారితే రక్తం తియ్యాలి. ఆ తెల్లారే సూర్యుడు వస్తాడు, బండి కదులుతుంది. సన్యాసమ్మకి ఇదొక్కటే రాత్రి. పెంచుకున్న తెలివంతా పెట్టి ఆలోచించినా ఒక మనిషిని నిద్రపుచ్చే ఉపాయం నాకు తోచలేదు.

అప్పుడు తవిటినాయుడు వచ్చాడు. చేతులు ఖాళీ.

"మీ అందరి మొకాలూ సూత్తంటే దానికి నిద్దరెలాగొత్తాది? ఎల్లండి, మీరూ తొంగోండి. నానున్నాను" అన్నాడు. ఆయన మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఒక్కొక్కరే చాపలు పట్టుకుని సందులోకి జరిగారు.

నన్ను వెళ్ళమనలేదు. గుమ్మం దగ్గర నా పక్కన నిలబడి, చెల్లెలికి వినబడకుండా అన్నాడు: "నారాయణమ్మ కూడా కునుకు తీత్తానని అడిగినాది. శానా సార్లు అడిగినాది."

"బతికించుకోవాలనే కదా, నాయుడన్నా."

"బతికించుకోవాలనే." లోపల మంచం వైపు చూసి, "తొంగోనిత్తే బతికునేటి?" అన్నాడు.

"తెలీదు" అన్నాను. ఓదార్చడానికి ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆమె కంతి ముదిరింది. నిద్రపోయినా అంకె ఎంత వచ్చేదో నాకు తెలీదు. జాగారం చెరుపని అప్పుడు నీకు తెలియదు. తెలిసుంటే నువ్వు ఊరంతటినీ నోరు మూయించి ఆమెని పడుకోబెట్టేవాడివి. ఆ సంగతి మాత్రం నాకు తెలుసు."

ఆయన ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. మంచం చివర కూర్చుని చెల్లెలి పాదం ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బయపడకు. గాలి ఆడతంది, మర తిరగతంది. నాను సూత్తంటాను. నువ్వు తొంగో."

"నువ్వు పాడితే తొంగుంతాను అన్నియ్యా" అంది సన్యాసమ్మ.

ఎత్తుకున్నది జాగారం పాటే. ఊరు ఊరంతా గెంతే ఆ పాటని చెక్కలు లేకుండా, సగానికి సగం నెమ్మది చేసి, అరచేత్తో ఆమె పాదం మీద జోకొడుతూ పాడాడు. ఇన్నేళ్ళుగా విన్న పాటలో ఇంత చల్లదనం ఉందని నాకు తెలియదు. రెండో చరణానికి సన్యాసమ్మ రెప్పలు వాలాయి. సందులో చాపల మీద పిల్లలు, వదినలు, ఆడబిడ్డలు వరసగా ఒరిగిపోయారు. అంకె రాయవలసిన నేను కూడా గోడకి జారగిలబడి పడుకుండిపోయాను.

ఇవాళ దీపాలు తెల్లబడ్డాక గంట మోగితే, ముందు లేచింది సన్యాసమ్మే. "ఆకలేత్తంది" అంది.

గంజి తాగించి రక్తశాలకి తీసుకెళ్ళాను. వెనక ఆమె జనం, ఒక్కరి చెంప మీదా చాప గుర్తు లేకుండా లేదు. లోకనాథం గారు, సభ్యులు అప్పటికే వచ్చి ఉన్నారు. తవిటినాయుడు గుమ్మం బయటే ఆగిపోయాడు. తొందరలో సూది వంకరగా పెట్టబోయాను. సన్యాసమ్మే నా మణికట్టు పట్టుకుని, "నెమ్మదిగా తియ్ తల్లీ" అంది.

మిషను ఆగింది. నేను అంకె చూశాను. మళ్ళీ చూశాను. గట్టిగా చదవకుండా పక్కకి జరిగాను. లోకనాథం గారు వంగి చూసి, తనే చదివారు.

"మూడు పాయింట్ ఎనిమిది. బండి."

ఆ ఒక్క మాటకి రక్తశాల దద్దరిల్లిపోయింది. వదినలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గెంతారు, గెంతినవాళ్ళు గాల్లోనే ఏడ్చారు. ఆడబిడ్డ నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది, సీసాలు పగులుతాయని నేను తిడుతున్నా వినలేదు. నేనూ ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల ముందు నిలబడి ఒక మనిషిని గీతకి ఇవతలికి లాగింది ఇవాళే.

సన్యాసమ్మ జనాన్ని తోసుకుంటూ గుమ్మం బయటికి వెళ్ళి అన్న చెయ్యి పట్టుకుంది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వినవలసిన పని కూడా లేదు.

బండి సూర్యుడితో పాటు కదిలింది. ఒక సీట్లో సన్యాసమ్మ, పక్క సీట్లో జోగులు. తలుపు మూసేవరకూ ఆయన, "ఈవిడ గొడవ పడనేను, నన్ను ఎనక్కూకోబెట్టండి" అని సణుగుతూనే ఉన్నాడు.

వెలుగు పక్షం, పద్నాలుగో రోజు

బండి ఇవాళ తిరిగొచ్చింది.

జోగులు కంతి సగానికి పైగా తగ్గింది. ఇంకో విడత వెళ్ళాలి. "మల్లీ ఆ సన్యాసమ్మ పక్కనే కూకోబెట్టండి, దార్లో మాటకి మనిసుంది" అన్నాడు. విన్నవాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

సన్యాసమ్మ గొంతులో కంతి లేదు. పెద్దగుహ వాళ్ళు తీసిన గొంతు పటం చూశాను, నా చేత్తో తడిమి చూశాను, నా దీపం పెట్టి చూశాను. లేదు. గొంతు మాత్రం కాస్త కీచుగా ఉంది, అది కూడా సర్దుకుంటుంది.

ఆమె లేని ఈ పక్షంలో ఇక్కడ మూడు కొత్త రక్తాలు చదివాను. మూడు ఇళ్ళకీ ముందు సాయంత్రం తవిటినాయుడు వెళ్ళి, జనాన్ని పంపేసి, పాడి, రోగిని పడుకోబెట్టాడు. ఇద్దరు గీతకి ఇవతల ఉన్నారు. మూడో ఆయన అవతలే ఉన్నాడు. నిద్ర ఆయన్ని గట్టెక్కించలేదు, కంతి నిజంగానే బలంగా ఉంది. అంకె పనికిరానిదని నేను అనలేదు, ఇప్పుడూ అనను. అడగవలసిన వేళకి అడిగితే అది నిజం చెబుతుంది. ఒక్క అంకెతోనే తలుపు ముయ్యకూడదని మాత్రం సభలో గట్టిగా అన్నాను. లోకనాథం గారు మూడో ఆయన పేరు తానే పెద్దగుహకి పంపి, ఒక పడక అడిగారు. ఇస్తామన్నారు.

సన్యాసమ్మ బండి దిగి తిన్నగా అన్న ఇంటికి వెళ్ళింది. జనమంతా వెనకే, చెక్కలు చేతపట్టుకుని, పాట ఎత్తడమే తరువాయి. నేనూ వెళ్ళాను. తలుపు తీసి ఉంది. తవిటినాయుడు చాప మీద వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. నారాయణమ్మ పోయాక ఆయన కంటి నిండా నిద్రపోవడం ఎవరూ చూడలేదని పక్కింటామె గుసగుసగా చెప్పింది.

మేనల్లుడు లేపబోతే సన్యాసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "లేపకండి. ఎంతసేపైనా తొంగోనీండి" అంది. అన్న తలవైపు కింద కూర్చుని, ఈగలు లేని ఈ చంద్రుడి మీద కొంగుతో విసరడం మొదలుపెట్టింది.

చెక్కలు పట్టుకున్న ఊరు ఊరంతా సందులో గోడ వారగా కూర్చుంది. చిన్నపిల్లలు కూడా చెక్క చెక్కకి తగలకుండా ఒళ్ళో పెట్టుకున్నారు. మధ్యాహ్నం గడిచింది. దీపాలు పసుపుకి తిరిగాయి. భోజనాల గంట మోగితే ఎవరూ కదల్లేదు. అన్ని గంటలు చప్పుడు చెయ్యకుండా సంతోషపడిన జనాన్ని నేను ఇదివరకు చూడలేదు, నేను కూడా అందులో ఉన్నాను.

చాలాసేపటికి ఆయనంతట ఆయనే కళ్ళు తెరిచాడు. ముందు కొంగు చూశాడు, తరువాత మనిషిని చూశాడు.

"కంతి పోనాది అన్నియ్యా" అంది.

లేచి కూర్చుని, చెల్లెలి గొంతు మీద రెండు వేళ్ళు వేసి తడిమాడు. కళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకోలేదు.

"ఎంతసేపైనాది నువ్వొచ్చి?"

"ఇప్పుడే" అంది సన్యాసమ్మ.